సొట్టలు తీసేవాళ్లు రాబందులు కారు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో, అమెరికాలో వడగళ్ల వానల వెంట ఊరూరా తిరిగి కార్ల సొట్టలు తీసేవాళ్ల గురించి చిన్న వార్త వేశారు. బాగానే ఉంది. చివర్లో మాత్రం "శవాల మీద పేలాలు ఏరుకునే బాపతు" అని ముగించారు. అక్కడ నాకు కాఫీ చేదెక్కింది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లు టింకరింగ్ పని, అంటే కార్ల రేకు సొట్టలు సరిచేసే పని, చేసినవాణ్ని. అంబాసిడర్ మడ్‌గార్డు మీద సుత్తి పట్టడం నేర్చుకున్నాను, మారుతీలు వచ్చాక ఆ పల్చటి రేకుతో మళ్లీ కొత్తగా నేర్చుకున్నాను. షెడ్డు మా శిష్యుడికి అప్పజెప్పి, ఫిబ్రవరి నుంచి డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మీరు రాసిన మనుషుల్ని కళ్లారా చూశాను. వాళ్లలో దొంగలూ ఉన్నారు. ఆ సంగతీ రాస్తాను.

ఏప్రిల్‌లో ఒక రాత్రి తొమ్మిదింటికి మా కోడలి ఫోన్‌లో వాతావరణం యాప్ మోగింది. ఇక్కడి మన వాళ్ల ఇళ్లలో గ్యారేజీ అంటే రెండు కార్లు పట్టేంత గది. మా వాళ్ల గ్యారేజీలో ఒక సగం బియ్యం బస్తాలు, రెండో ఫ్రిజ్, బొమ్మల కొలువు అట్టపెట్టెలు. మిగతా సగంలో కోడలి కారు. మా అబ్బాయి కారు ఎప్పుడూ బయటే. వాడు తాళాలు తీసుకుని పరిగెత్తేలోపే మొదటి రాయి పడింది. ఆటోనగర్‌లో ఒకే వరసలో పది షెడ్లలో పది మంది రేకు కొడుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది, పది నిమిషాలు. తర్వాత మా మనవడు టార్చిలైటు పట్టుకుని గడ్డిలోంచి ఒక గడ్డ ఏరుకొచ్చి, పక్కన క్వార్టర్ బిళ్ల, అంటే పావు డాలరు నాణెం, పెట్టి ఫొటో తీశాడు. వీళ్లకు స్కూల్లోనే నేర్పుతారట. ఆ బిళ్ల దాదాపు ఒక అంగుళం. వాడు తెచ్చిన రాయి దానికంటే పెద్దది, మన కాగజ్జి నిమ్మకాయంత. అది ఇప్పటికీ ఫ్రీజర్‌లో చేపల ప్యాకెట్ పక్కన ఉంది.

తెల్లారి ఎనిమిదికల్లా తలుపు తట్టారు. కాలరున్న టీషర్టు, చేతిలో అట్ట, నవ్వు మొహం. "ఇన్సూరెన్స్‌లో మీరు కట్టాల్సిన వాటా కూడా మేమే చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. మా కోడలు నా వైపు చూసి "మావయ్యగారూ, ఏం చేద్దాం?" అంది. నాకు ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది గానీ, కారు చుట్టూ ఒక్కసారైనా తిరగకుండా సంతకం అడిగేవాణ్ని ఏ దేశంలో అయినా గుర్తుపడతాను. వద్దన్నాను. అదే వీధిలో మరో తెలుగువాళ్లు పెట్టారు. ఆ కుర్రాడు ఎవరి తరఫున వచ్చాడో ఆ పేరు ఇక్కడ రాయను. వాళ్ల కారు మూడు వారాలకు తిరిగొచ్చింది. పైకి అద్దంలా ఉంది. నేను బానెట్ ఎత్తించి లోపలి ఫ్రేముకు వేలు పెట్టి తడిమితే నాలుగు రంధ్రాలు తగిలాయి. సొట్టను లోపలి నుంచి తోసే ఇనుప చువ్వ దూరడానికి దారి లేక డ్రిల్‌తో పొడిచి, కనీసం రబ్బరు బిరడా అయినా పెట్టకుండా వదిలేశారు. కోసిన ఇనుముకు పచ్చి అంచు ఉంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ ఇంటాయన "పోన్లెండి అంకుల్, బయటికి కనపడదుగా" అన్నాడు. నా రక్తం ఉడికిపోయింది.

మా అబ్బాయి మాత్రం ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేదాకా ఆగాడు. ఆయన పని చూడ్డానికే బాగుంది. మైనపు పెన్సిల్‌తో ఒక్కో సొట్ట చుట్టూ సున్నా చుట్టి, బానెట్ ఒకటి, టాపు ఒకటి, డిక్కీ ఒకటి, ఇలా భాగాల వారీగా లెక్క రాసుకున్నాడు. బానెట్ మీద 61. టాపు మీద 88. సొట్ట ఎంత పెద్దదో కూడా ఇక్కడి నాణేల బిళ్లలతోనే చెబుతారు, చిన్నదాని నుంచి పెద్దదానికి: డైమ్, నికెల్, క్వార్టర్, హాఫ్ డాలర్. ఎన్ని, ఎంత పెద్దవి అన్న రెండు లెక్కల మీద ఒక పట్టిక ఉంటుంది, ధర అందులోంచి వస్తుంది. రేకు అల్యూమినియం అయితే ఇంకొంచెం ఎక్కువ. మొదటి వెయ్యి డాలర్లు మా అబ్బాయి జేబులోంచి, ఇందాక ఆ తలుపు తట్టినవాడు చెప్పిన వాటా అదే. మొత్తం బిల్లు ఎంతైందో వాడు నాకు చెప్పలేదు, రూపాయల్లోకి మార్చుకుని అన్నం మానేస్తానని భయం.

పని జరిగిన షెడ్డుకు నేనూ వెళ్లాను. పని చేసినవాడు బ్రెజిల్ కుర్రాడు, ముప్ఫై అయిదేళ్లుంటాయి. అతని ఇంగ్లీషు నాకంటే కొంచెం మెరుగు, అంతే. మేమిద్దరం రేకు భాషలోనే మాట్లాడుకున్నాం. కారు లోపలి సీలింగ్ ముందు విప్పి దించారు. పక్కన చారల లైటు నిలబెట్టాడు, తెల్లటి గీతలు టాపు మీద అద్దంలోలా పడతాయి. రేకు సమంగా ఉన్నచోట గీత తిన్నగా పోతుంది, సొట్ట ఉన్నచోట గీత వంకర తిరిగి చుట్టుకుంటుంది. అతను పొడుగాటి ఇనుప చువ్వ ఒకటి తీశాడు. కొన వంచి, గుండ్రంగా అరగదీసి ఉంది. దాన్ని లోపలి నుంచి రేకు అడుగుకు ఆనించి పైనుంచి చూస్తున్నాడు. చువ్వ కొన కంటికి కనపడదు. కొన ఎక్కడుందో తెలిసేది వెలుగు గీత కదిలినప్పుడే. సొట్ట నడుమ ఒక్కసారిగా తోసేస్తాడేమో అనుకున్నాను. అలా తోస్తే మధ్యలో మొటిమ లేస్తుంది, పెయింట్ విచ్చుతుంది. అతను అంచు నుంచి మొదలుపెట్టి, గింజలు మీటినట్టు చిన్నచిన్నగా నొక్కుతూ లోపలికి వచ్చాడు. నేను లెక్కపెట్టాను. రూపాయి బిళ్లంత సొట్టకు 40 నొక్కులు దాటాయి. మధ్యలో ఎక్కడైనా కాస్త ఎత్తు లేస్తే, పైనుంచి ప్లాస్టిక్ మొన ఆనించి చిన్న సుత్తితో టక్కుటక్కుమని రెండు దెబ్బలు. గీత తిన్నబడింది. సొట్ట ఉన్నచోటు ఇక నాకు దొరకలేదు.

చువ్వ దూరని చోట ఇంకో పద్ధతి. ప్లాస్టిక్ గుండీలాంటి దాన్ని వేడి జిగురుతో సొట్టకు అంటించి, ఆరాక చిన్న లాగుడు పరికరంతో పైకి లాగుతాడు. తర్వాత స్పిరిట్ కొట్టి జిగురు ఊడదీస్తాడు. ఇందులో లప్పం లేదు, ఎమరీ పేపర్ లేదు, పెయింట్ గన్ అసలే లేదు. కంపెనీ పెయింట్ కంపెనీ పెయింట్‌లాగే ఉంటుంది. మన దగ్గర పాత కారు కొనేవాడు మొట్టమొదట అడిగేది అదే కదా.

ఒక్కటి చెప్పకుండా ఉండలేను. టాపు అయిపోయిందని అతను లైటు పక్కకు జరిపాడు. మనకు లైటు అలవాటు లేదు, మనది అరచేయి. చేతి కింద పల్చటి గుడ్డ వేసుకుని నిమిరితే చర్మానికి అందని ఎత్తుపల్లం కూడా తెలుస్తుంది. జేబురుమాలు వేసి, కళ్లు మూసుకుని టాపు అంతా నిమిరాను. వెనకద్దం పై అంచు దగ్గర, రేకు మడత పక్కన, ఒకటి తగిలింది. "ఇక్కడ" అన్నాను. అతను లేదన్నట్టు తల ఊపాడు. లైటు తెచ్చి పక్క నుంచి పెడితే గీత వణికింది. పకపకా నవ్వి నా వీపు మీద చరిచి, చువ్వ నా చేతికిచ్చి నన్నే తీయమన్నాడు. మా అబ్బాయి మొహం తెల్లబోయింది. "నాన్నా, విజిట్ వీసా మీద పని చేయకూడదు" అన్నాడు తెలుగులో, పళ్లు బిగించి. చువ్వ తిరిగిచ్చేశాను. ఆ దేశం చట్టం ఆ దేశానిది. చెయ్యి మాత్రం ఇప్పటికీ దురదగానే ఉంది.

ఇక మీరు రాసిన అసలు సంగతి, వాన వెంట పరుగెత్తడం. టీ తాగే విరామంలో అతను ఫోన్ తీసి చూపించాడు. ఓక్లహోమాలోని నార్మన్‌లో ప్రభుత్వ తుఫానుల కేంద్రం ఒకటి ఉంది. ఆ రోజు ఎక్కడెక్కడ ఉరుముల గాలివానలు ముదురుతాయో ఐదు మెట్లుగా రంగులేసి పొద్దున్నే మ్యాప్ పెడతారు. సాయంత్రానికి రాడార్ చూసుకుంటాడు. రాత్రికి జనం, పోలీసులు, ఊళ్లలో వాలంటీర్లు పంపిన కబుర్లు అదే కేంద్రం మ్యాప్ మీదికెక్కుతాయి: సుడిగాలికి ఎర్ర చుక్క, ఈదురుగాలికి నీలం చుక్క, వడగళ్లకు పచ్చ చుక్క. అతను వెతికేది పచ్చ చుక్కలు.

ప్రతి పచ్చ చుక్కకూ బ్యాగు సర్దడు. అర్ధంగుళం రాయికి కారు సొట్టపోవడం అరుదు. ఇక్కడి వాతావరణ శాఖ కూడా 2010 నుంచి అంగుళం రాయి పడితేనే తీవ్రమైన వడగళ్ల వాన అంటోంది, అంతకుముందు ముప్పావు అంగుళానికే అనేవాళ్లు. మరీ పెద్దదైనా అతనికి పని ఉండదు. టెన్నిస్ బంతి దాటితే అద్దాలు పగిలి, పెయింట్ చిట్లి, ఇక బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్ వాళ్లు కారు మొత్తాన్నే లెక్కలోంచి కొట్టేస్తారు. 2010 జులైలో సౌత్ డకోటాలోని వివియన్ అనే పల్లెలో 8 అంగుళాల అడ్డుకొలత ఉన్న రాయి పడింది, అమెరికాలో అదే రికార్డు. అలాంటిది పడితే సొట్టేముంది, కన్నమే. అతనికి కావలసింది అంగుళానికీ రెండు అంగుళాలకూ మధ్య రాయి, అదీ పశువుల బీడు మీద కాకుండా ఊరి మీద, కార్ల షోరూముల మీద పడాలి. 2017 మే 8న డెన్వర్ పక్కన అలాగే పడింది. లేక్‌వుడ్‌లో ఒక పెద్ద మాల్ కప్పు దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. మొత్తం నష్టం 230 కోట్ల డాలర్లన్నారు. ఆ ఏడాది ఎండాకాలం మొత్తం తను అక్కడే ఉన్నానని ఈ కుర్రాడు చెప్పాడు, కారులో పడుకుని, జిమ్‌లో స్నానం చేసి.

ఋతువుతో పాటు వాళ్ల బతుకూ ఉత్తరానికి జరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో టెక్సస్. మేలో ఓక్లహోమా, కాన్సస్. జూన్, జులైలో నెబ్రాస్కా, కొలరాడో, డకోటాలు. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి తేమగాలి, పడమటి నుంచి పొడిగాలి వచ్చి ఈ మైదానాల మీద గుద్దుకుంటాయి. పైకి లేచే గాలి ఎంత బలంగా ఉంటే రాయిని అంతసేపు మబ్బులోనే మోస్తుంది, అంతగా పెంచుతుంది. ఎండాకాలం ముదిరేకొద్దీ ఆ గుద్దులాట ఉత్తరానికి పోతుంది, వెనకాలే చువ్వల పెట్టె.

ఇది విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. గుడివాడ దగ్గర పల్లె. కోతలు అయ్యీ అవగానే నెల్లూరు వైపు నుంచి బాతులవాళ్లు వచ్చేవాళ్లు. వెయ్యేసి బాతుల మంద. చేలో రాలిన గింజలు, నత్తలు వాటి మేత. ఒక ఊళ్లో కోత ముగిస్తే ఇంకో ఊరు, ఇంకో కాలవ గట్టు. రాత్రి వలతో కంచె కట్టి పక్కనే పడుకునేవాళ్లు. ఏ మండలంలో కోతలు ఎప్పుడో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నోటి లెక్కలో ఉండేది. మా తాతయ్య వాళ్లని ఒక్కనాడూ పేలాలు ఏరుకునేవాళ్లు అనలేదు. గుడ్లు కొనుక్కుని, మంచినీళ్లిచ్చి పంపేవాడు. ఈ బ్రెజిల్ కుర్రాడు వాన పిలిచి తెచ్చాడా? పడ్డాక వచ్చాడు. అతను రాకపోతే ఆ ఎనభై ఎనిమిది సొట్టలూ లప్పంతో పూడ్చేవాళ్లు, లేదా టాపు కోసి కొత్తది అతికేవాళ్లు. పైగా అతనికొచ్చేది బిల్లు మొత్తం కాదు. కారు పట్టుకొచ్చినవాడికో వాటా, షెడ్డువాడికో వాటా పోగా మిగిలింది. తలుపు తట్టి సంతకం అడిగేవాణ్ని రాబందు అనండి, నేనూ చప్పట్లు కొడతాను. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడమే నాకు నచ్చలేదు.

ఇక్కడున్న మన పిల్లలకు ఒక ముక్క. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసి వెళ్లేదాకా దేని మీదా సంతకం పెట్టకండి. మీ వాటా మాఫీ చేస్తామనేవాడు ఆ డబ్బు ఎక్కడో పనిలో మిగుల్చుకుంటాడు. కారు తిరిగొచ్చాక బానెట్, డిక్కీ ఎత్తి లోపలి అంచులు తడమండి. చారల లైటు లేకపోతే ఇంటి ట్యూబులైటు వెలుగు గీత టాపు మీద వంకర పోతోందేమో చూడండి, చాలు.

మన దగ్గర ఈ పని పెరుగుతుందా అని మా శిష్యుడు ఫోన్‌లో అడిగాడు. హైదరాబాద్‌లో చువ్వలతో సొట్టలు తీసేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. కానీ వాన వెంట పరుగెత్తేంత పని ఉండదన్నాను. రాళ్లవాన లేక కాదు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వీధులు మంచు పరిచినట్టు తెల్లబడ్డ ఫొటోలు మీరే వేశారు. అప్పుడు పంట పోయినవాళ్లకు ఎకరాకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది, చెట్టు కింద నిలబెట్టిన కారు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా, మామిడి పిందె రాలిపోయిన ఇంట్లో కారు ముచ్చటేంటి. అసలు అడ్డంకి ఇన్సూరెన్స్. మన పాలసీ కాగితంలో సొంత వాహన నష్టం కింద వరద, తుఫానుతో పాటు వడగళ్ల వాన అనే మాట అచ్చులో ఉంది. కానీ చాలామంది కారు పాతబడగానే థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చే పాలసీ, ఒక్కటే కడతారు, సొంత కారు సొట్టలకు దాని కింద పైసా రాదు. పూర్తి పాలసీ ఉన్నవాడు కూడా 50 శాతం దాకా పెరిగిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందని క్లెయిమ్ పెట్టడు. సొట్టలతోనే తిప్పుతాడు, లేదా నాలాంటివాడి దగ్గరికి తెస్తాడు.

నాలాంటివాడు ఏం చేశాడో కూడా చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఖమ్మం నుంచి ఒక తెల్ల కారు వచ్చింది, టాపు నిండా వడగళ్ల సొట్టలు. తొందరపెట్టారు, పెళ్లికి కావాలన్నారు. సొట్ట సొట్టకూ లప్పం నింపి, రుద్ది, పెయింట్ కొట్టి నాలుగో రోజు ఇచ్చేశాను. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి బీటలు. ఆ పెద్దాయన కేకలేయలేదు. షెడ్డు ముందు కారు ఆపి, "మేస్త్రీ, ఒకసారి చూడు" అన్నాడంతే. మళ్లీ చేసిచ్చాను, డబ్బు తీసుకోలేదు. ఆ బ్రెజిల్ కుర్రాడు 41వ నొక్కు నొక్కుతుంటే నాకు ఆ తెల్ల కారే కనపడింది.

మీకో చిన్న మనవి. మీ విలేకరులు రాళ్లవాన వార్త రాసేటప్పుడు "భారీ వడగళ్లు" అని వదిలేస్తున్నారు. ఏ మండలం, ఏ ఊరు, ఎన్ని గంటలకు, రాయి ఎంత: రేగుపండా, నిమ్మకాయా, రూపాయి బిళ్లా? పక్కన బిళ్ల పెట్టి ఒక ఫొటో. ఇక్కడ పదేళ్ల పిల్లాడు చేస్తున్న పనే. పంట నష్టం రాసేవాళ్లకూ, క్లెయిమ్ పెట్టేవాళ్లకూ అది పనికొస్తుంది, మా శిష్యుడికీ పనికొస్తుంది.

జులైలో తిరిగొస్తున్నాను. సూట్‌కేసులో మూడు చువ్వలు, ఒక చారల లైటు. కొనుక్కున్నవే, బిల్లు ఉంది. బ్రెజిల్ కుర్రాడు పోయిన వారం ఉత్తరానికి వెళ్లిపోయాడు. నిన్న రాత్రి అతని దగ్గర్నుంచి ఫోన్‌కి ఒక మ్యాప్ ఫొటో వచ్చింది. నెబ్రాస్కాలో మూడు పచ్చ చుక్కలు, కింద ఒక అరచేయి బొమ్మ.

ఇట్లు,
ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రి ఒకడు,
విజయవాడ (ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సస్)